ఎడమ ఊపిరితిత్తి, అమ్మకానికి కాదు

ముప్పై ఒక్క ఏళ్ళు సీసపు గాజు కిటికీ వెనక నిలబడి
"ఊపిరి పీల్చండి, బిగబట్టండి" అన్నాను.
బిగబట్టేవాళ్ళు.
"ఇక వదలండి" అనడం ఒకసారి మరిచిపోయాను.
పాపం, ఆయన ముఖం నేరేడు పండయింది,
అయినా నా మాట కోసమే ఆగాడు.

ఇప్పుడు పింఛను. సీహామ్ రేవు పక్కన ఒక షెడ్డు,
చేపల వాసన ఇంకా వదలని గోడలు,
మూలన ఒక కరెంటు బట్టీ.
గాజు కోస్తాను.

కోయడమంటే కోయడం కాదు,
ఒక గీత గీసి, రెండు బొటనవేళ్ళతో అడగడం.
ఇష్టమైతే చిటుక్కున ఒప్పుకుంటుంది.
లేకపోతే నా రక్తం చూస్తుంది.

మొదట వెన్నుపూసలు చేశాను, పాలరంగు గాజుతో.
తర్వాత మూత్రపిండం. తర్వాత చెవి లోపలి నత్తగుల్ల,
అది మూడుసార్లు పోయింది.
గుండె చేయమంటారు అందరూ. చేయను.
నేను తీసిన ఫిల్ముల్లో అదెప్పుడూ
పక్కకి ఒరిగిన మసక సంచీ.

అన్ని గాజులూ ఒకదానితో ఒకటి అతకవు.
వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ.
చల్లారాక, ఏ అర్ధరాత్రో, టప్పుమని
రక్తం గ్రూపు కలవనట్టు.
అందుకే డబ్బాల మీద అంకెలు రాసుకుంటాను,
ఆస్పత్రి అలవాటు.

శనివారం కత్‌బర్ట్ హెస్లప్ వచ్చాడు, కుక్కతో.
మెట్లు నాలుగే. నాలుగింటి మీదా ఆగాడు.
ఆగిన ప్రతిసారీ సముద్రం చూస్తున్నట్టు నటించాడు.
నాకు తెలుసు ఆ నటన.
మా నాన్నయితే పక్కింటి పూలకుండీలు చూసేవాడు.

కిటికీలో వేలాడే జత ముందు నిలబడ్డాడు:
లేత గులాబి, సన్నటి కొమ్మలు, వెనక వెలుతురు.
"ఎవరివి?"
"ఎవరివీ కావు."
"అదే అనుకున్నా. ఈ ఊళ్ళో ఇంత శుభ్రమైనవి ఎవరికున్నాయి."

మర్నాడు ఒక పొగాకు డబ్బా తెచ్చాడు.
గని మూసిన రోజు బూటు మడతలో పైకొచ్చిన
పిడికెడు బొగ్గు, ఇన్నాళ్ళూ అటక మీద.
"ఇది వెయ్యి. ఎడమవైపు. నాది ఎడమే ముందు పోయింది."

గాజులో బొగ్గు నిలవదని చెప్పాను,
ఎనిమిది వందల డిగ్రీలు, ఏమీ మిగలదని.
"నేను మిగల్లేదూ" అన్నాడు.
డబ్బా మూత బిగుసుకుపోయింది. ఇద్దరం కలిసి తీశాం.

కేకుల మీద పంచదార చల్లే జల్లెడతో
రెండు పలకల మధ్య నూరి చల్లాను.
ఏ నీడ ఎక్కడ పడుతుందో
ముప్పై ఒక్క ఏళ్ళలో చేతికి బట్టీ వచ్చింది.
బట్టీ మూశాను.

వేడెక్కడానికి ఒక రాత్రి. దిగడానికి ఒక పగలు, ఇంకో రాత్రి.
మధ్యలో తెరిచి చూడకూడదు.
రెండుసార్లు లేచి వెళ్ళి
షెడ్డు తలుపు ముట్టుకుని వచ్చాను.

మంగళవారం తెరిచాను.
నలుపు లేదు.
అద్దం మీద ఊదినట్టు కాస్త బూడిదరంగు.
బొగ్గు పడిన చోటల్లా బుడగలు:
ఆవగింజంత, పెసరగింజంత, ఒకచోట బఠాణీ అంత.
కాలుతూ కాలుతూ అది వదిలిన గాలి
బయటికి దారి లేక
లోపలే ఉండిపోయింది.

పిలిచాను. వెలుతురుకి ఎత్తి పట్టమన్నాడు,
లైటు పెట్టె మీద ఫిల్ము పెట్టినట్టు పట్టాను.
చాలాసేపటికి,
"అంటే, తీసుకున్నదంతా ఇచ్చేసిందా?"

ఏం చెప్పను.
అంచున ఒక పగులుంది, చేత్తో కప్పి పట్టుకున్నాను.
నా వేలు పక్కకి జరిపి
దాని మీదే తన వేలు పెట్టాడు.

"ఎంత?"
అమ్మనన్నాను.
"కొనడానికి అడగలేదులే."

దిగుతూ మూడో మెట్టు మీద ఆగాడు, సముద్రం వైపు తిరిగి.
కుక్క కూడా ఆగింది.
తలుపు దగ్గర నేను ఊపిరి బిగబట్టానని
వాళ్ళు మలుపు తిరిగాక గాని తెలియలేదు.